పెళ్ళి క్యాసెట్టుతో మీ ఇంటి కథను సినిమాగా తీయాలంటే

అటక మీద పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు పడున్నాయి. వాటితో మీ గురించి, మీ ఇంటివాళ్ళ గురించి ఒక డాక్యుమెంటరీ తీయాలని మీకు చాన్నాళ్ళుగా ఉంది. చాలామంది ఇక్కడ ఒకటే దారి పడతారు. ముందు కథంతా రాసేసుకుని, ఆ మాటల కింద పరచడానికి పాత వీడియోలో ముక్కలు వెతుకుతారు. "మాది ఉమ్మడి కుటుంబం" అనగానే గుంపుగా నిలబడ్డ షాట్, "నాన్న చాలా కష్టపడ్డారు" అనగానే నాన్న మొహం. ఐదు నిమిషాలు తిరక్కుండానే చూసేవాళ్ళకు ఆవులింతలొస్తాయి.

ఆ క్యాసెట్టును ఎవరో ఎవరి కోసమో డబ్బిచ్చి తీయించారు. అందులో వాళ్ళు చూపించాలనుకున్నది కొంత, అనుకోకుండా పడిపోయింది కొంత. మీ సినిమా ఆ రెండో దాంట్లో ఉంటుంది. దాన్ని ఎలా బయటికి తీయాలన్నదే ఇక్కడ చెబుతున్నాను. 1980ల చివరి నుంచి 2000ల మొదటి దాకా మన ఇళ్ళలో తీయించిన పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, గృహప్రవేశాల వీడియోలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ తాతగారు ఏ రైల్వేలోనో పెద్ద ఉద్యోగం చేసి 8 ఎంఎం ఫిల్మ్ తీసి ఉంటే మీరు అదృష్టవంతులు. దానికి స్కానింగ్ వేరు, మిగతా పద్ధతంతా ఇదే.

1. క్యాసెట్టును కాపాడండి

దొరికిన వెంటనే మెషీన్‌లో పెట్టేయకండి. క్యాసెట్టుకున్న కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచుల్లో తెల్లటి పొడిలాగా, మచ్చల్లాగా కనబడితే అది బూజు. మన ఉక్కకీ, వానాకాలం తేమకీ బూజు పట్టడం మామూలే. అలాంటి క్యాసెట్టు వీసీఆర్‌లోకి వెళితే టేపును చదివే హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది. దాన్ని విడిగా కవర్లో వేసి, టేపు శుభ్రం చేసి ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్ళకే ఇవ్వండి. మిగతావాటికి వెనక అంచులో చిన్న ప్లాస్టిక్ పలక ఉందేమో చూసి, ఉంటే విరిచేయండి. అది లేకపోతే మెషీన్ దాని మీద రికార్డు చేయదు.

వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన ఆఖరి కంపెనీగా తెలిసిన జపాన్ ఫునాయ్ 2016లో ఆపేసింది. కాబట్టి మీకు దొరికేది ఎవరో వాడి పక్కన పెట్టిందే. తెచ్చాక ముందు ఎందుకూ పనికిరాని క్యాసెట్టు ఒకటి పెట్టి అరగంట ఆడించండి. అది నలక్కుండా బయటికొస్తేనే అమ్మ పెళ్ళి క్యాసెట్టు ముట్టుకోండి. దాన్ని కూడా ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి రివైండ్ చేశాక ప్లే చేయండి. ఏళ్ళ తరబడి కదలని చుట్ట కాస్త సర్దుకుంటుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎస్-వీడియో అవుట్ (బొమ్మను కాస్త స్పష్టంగా పంపే సాకెట్) ఉన్న వీసీఆర్ దొరికితే మంచిది. బొమ్మ పక్కలకు వంకర్లు పోతుంటే మధ్యలో వాటిని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పెట్టె ఉండాలి. అంత ఖర్చు వద్దనుకుంటే, కొన్ని పాత డీవీడీ రికార్డర్ల గుండా సిగ్నల్ పంపినా ఆ వంకర చాలావరకు పోతుంది. మన క్యాసెట్లు దాదాపు అన్నీ పాల్ అనే టీవీ పద్ధతివి. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేము గీత విడిచి గీతగా రెండు సగాల్లో వస్తుంది). ఉన్నదున్నట్టు అలాగే పట్టుకోండి. ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి లాస్‌లెస్ (నాణ్యత ఏమాత్రం పోని) ఫార్మాట్ అయితే గంటకు సుమారు 25 నుంచి 40 జీబీ పడుతుంది. హార్డ్ డిస్కుల ధర చూసి వెనకాడకండి, ఈ టేపు ఇంకోసారి ఇంత బాగా ఆడుతుందన్న భరోసా లేదు. డీ-ఇంటర్‌లేసింగ్ (ఆ సగాలను కలపడం) తర్వాత కాపీ మీద చేసుకోవచ్చు. అమెరికా నుంచి పెదనాన్న తెచ్చిన క్యామ్‌కార్డర్‌తో తీసింది అయితే అది ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు 480 లైన్లు, సెకనుకు 29.97 ఫ్రేములు. దాన్ని ఆడించగల మెషీన్ కావాలి.

2000 ప్రాంతంలో చాలా ఇళ్ళలో క్యాసెట్టును వీసీడీ (వీడియో సీడీ) చేయించి అసలును పారేశారు. వీసీడీలో బొమ్మ 352×288 మాత్రమే, అంటే ఉన్న వివరంలో సగానికి పైగా పోయినట్టే. అందుకే మీ ఇంట్లో సీడీ ఒక్కటే ఉంటే ఆగిపోకండి. అదే క్యాసెట్టు కాపీ వియ్యాలవారింట్లోనో, మేనత్త ఇంట్లోనో ఉండొచ్చు. పెళ్ళి వీడియో మనకు రెండువైపులా పంచుకున్న ఆస్తి కదా.

ఎక్కించాక మూడు కాపీలు చేసి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి.

2. కెమెరా ఎవరి చేతిలో ఉంది? ఎవరి కోసం?

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే ప్రతి క్యాసెట్టుకూ ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. మన ఇళ్ళలో దొరికేవి సాధారణంగా మూడు రకాలు.

మొదటిది స్టూడియో వాళ్ళు తీసిన ఫంక్షన్ వీడియో. ఇది ఆడపెళ్ళివారో మగపెళ్ళివారో మాట్లాడుకుని తీయించింది. ఎవరు డబ్బిచ్చారో వాళ్ళ బంధువుల మొహాలు ఎక్కువసేపు ఉంటాయి. ఏ వరుస వాళ్ళను రెండో అక్షింతలకు కూడా పిలిచారు, ఎవరిని కెమెరా పక్కకు తిప్పే ఒక్క పాన్‌లో దాటేశారు అన్నది చూస్తే ఆ ఏడు ఇంట్లో ఎవరికెవరితో పడదో తెలిసిపోతుంది. మిక్సింగ్ చేసిన కాపీ, అంటే స్టూడియోలో కోసి పాటలూ గ్రాఫిక్సూ కలిపింది అయితే, తామరపువ్వు విచ్చుకుని అందులో వధూవరులు, వెనకాల మంచుకొండలు, పైనుంచి రాలే గుండెకాయలు ఉంటాయి. వీటిని చూసి సిగ్గుపడి కోసిపారేయకండి. మీ అమ్మానాన్నలు ఒకరికొకరు ముప్పావుగంట క్రితమే పరిచయమైన మనుషుల్లా బిగుసుకు కూర్చుంటే, ఆ స్టూడియో కుర్రాడు వాళ్ళను స్విట్జర్లాండ్ పంపించాడు. దాంట్లో ఉన్న జాలి, నవ్వు రెండూ మీకు పనికొస్తాయి.

రెండోది ఇంట్లోవాళ్ళే తీసింది. గల్ఫ్ నుంచి వచ్చిన బాబాయో, అమెరికా మామయ్యో క్యామ్‌కార్డర్‌తో తిప్పిన గంటలు. ఇందులో బాబాయి కనబడడు. అతని గొంతు, ఊపిరి, "ఇటు చూడవే" అన్న కసురు మాత్రం ఉంటాయి. అతను ఎవరి మీద ఎక్కువసేపు ఆగాడో చూడండి.

మూడోది ఉత్తరం లాంటి వీడియో. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి రాలేకపోయిన మనిషికి పంపడానికి తీసింది. అందరూ కెమెరాకేసి చూసి "బాగున్నావా" అంటారు, కొత్తగా కట్టిన గది గోడలు చూపిస్తారు, పిల్లాడి చేత పద్యం చెప్పిస్తారు. ఇలాంటిది మీ దగ్గరుంటే మిగతావన్నీ పక్కన పెట్టి దీంతోనే మొదలుపెట్టమంటాను. చూడాల్సిన మనిషి ఫ్రేములో లేడు కానీ, ప్రతి షాటూ అతని కోసమే.

కెమెరా పట్టుకున్న మనిషే కథలో పాత్ర కావడానికి మంచి ఉదాహరణ ఫ్రాన్స్ రచయిత్రి ఆనీ ఎర్నో సినిమా. 1972 నుంచి 1981 దాకా ఆమె భర్త తీసిన సూపర్ 8 (ఇళ్ళలో వాడిన చిన్న ఫిల్మ్) రీళ్ళు అవి. తర్వాత వాళ్ళు విడిపోయారు. కొడుకుతో కలిసి 2022లో ఆ రీళ్ళను సినిమా చేసినప్పుడు, భర్త చూసిన దృశ్యం మీద భార్య గొంతు వినబడుతుంది. శబ్దంలేని రీళ్ళు, సెలవు ప్రయాణాలు, క్రిస్మస్ కానుకలు. దాంట్లోంచే ఒక కాపురం ఎటు పోతోందో తెలుస్తుంది.

3. చూడటం, రాయడం

క్యాసెట్టు మొత్తం ఆపకుండా ఒకసారి చూడండి. రెండోసారి ఆపుతూ, ఎక్సెల్ షీటులో టైమ్‌కోడ్ (ఆ ముక్క ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఉందో), ఎవరున్నారు, ఏం వినబడుతోంది, కెమెరా ఎందుకు కదిలింది అని రాసుకుంటూ పోండి. చివరి గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ముఖ్యమైనది అదే.

ఏం వెతకాలో చెప్పడానికి పెళ్ళి భోజనాల షాట్ తీసుకుందాం. వీడియో లైటు పట్టుకున్న కుర్రాడు, వెనకాల వైరు ఎత్తుతూ ఇంకొకడు, పంక్తి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. వెలుతురు దగ్గరకొచ్చేసరికి ఒక్కొక్కరే తల వంచేస్తారు. ఒకాయన పప్పన్నం కలుపుతున్న చేతిని విస్తట్లోనే ఆపేస్తాడు. ఒకావిడ కొంగు సర్దుకుంటుంది. సాంబారు బకెట్టు పట్టుకున్న మనిషి గోడకు ఆనుకుని, కెమెరా దాటేదాకా ఊపిరి బిగబట్టినట్టు నిలబడతాడు. లైటు వెళ్ళిపోగానే చేతులు మళ్ళీ కదులుతాయి. ఈ షాట్ అన్ని పెళ్ళి క్యాసెట్లలోనూ ఉంటుంది, అందరూ ఫార్వర్డ్ కొట్టేస్తారు. మీరు కొట్టకండి. వడ్డిస్తున్నది ఎవరు, కూర్చున్నది ఎవరు, రెండో బంతిలో ఎవరున్నారు, ఆడవాళ్ళు ఏ బంతిలో తిన్నారు అన్నదంతా అందులో ఉంది. సాంబారు బకెట్టు మనిషి మీ నాన్నే అయితే, మీ సినిమా మొదటి పది నిమిషాలు దొరికినట్టే.

ఇంకో చోటు కూడా చూడండి. టేపు మొదట్లోనూ, కెమెరా ఆన్ చేసి మర్చిపోయినప్పుడూ పడ్డ ముక్కలు. వీడియోగ్రాఫర్ లైటు సరిచూసుకోవడానికి పెరట్లోకి తిప్పుతాడు. అక్కడ గాడిపొయ్యి పక్కన కాళ్ళు చాపుకు కూర్చున్న పిన్ని వెలుతురు పడగానే కాళ్ళు ముడుచుకుని నవ్వుతూ లేస్తుంది. ఐదారు సెకన్లు ఉంటుందేమో. మండపంలో గంటసేపు కూర్చున్న ఏ మొహంలోనూ కనబడని మనిషి అక్కడ కనబడుతుంది.

మిక్సింగ్ కాపీలో ఇలాంటివి కోసేసి ఉంటారు. అందుకే స్టూడియో అతను ఇంకా ఊళ్ళో ఉంటే వెళ్ళి అడగండి. రా క్యాసెట్టు, అంటే కోయకముందుది, దొరకడం కష్టమే. అప్పట్లో టేపు ఖరీదు, ఒకరి పెళ్ళి మీద ఇంకొకరి పెళ్ళి రికార్డు చేసేవారు. అయినా ఆయన దగ్గర ఒక కెమెరా పెట్టి మాట్లాడించండి. మీ ఇంటి పెళ్ళి గుర్తులేకపోయినా, ఎవరిని ఎక్కువ తీయమని ఎలా చెప్పేవారో మాత్రం బాగా గుర్తుంటుంది.

4. పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి

ఇక కొత్తగా షూట్ చేయాల్సింది. అమ్మమ్మనో మేనత్తనో టీవీ ముందు కూర్చోబెట్టి క్యాసెట్టు ఆడించండి. కాలర్ మైకు తగిలించండి, కెమెరా ఆమె మొహం మీద పెట్టండి, ట్యూబ్‌లైటు ఆపి టీవీ వెలుతురుకు చిన్న దీపం తోడు చేయండి. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేయండి. లేకపోతే వెనకాల సినిమా పాట ఆమె మాటలతో కలిసిపోయి తర్వాత విడదీయలేరు.

ఇంటర్వ్యూ ప్రశ్నలు వేయకండి. "మీ బాల్యం గురించి చెప్పండి" అంటే అమ్మమ్మ కూడా రేడియో భాషలోకి వెళ్ళిపోతుంది. "ఈవిడెవరు అమ్మమ్మా?" చాలు.

"మీ తాతయ్య మేనకోడలు. ఆ ఏడే పోయింది పాపం."

కాసేపు మౌనం. మీరు కదలకండి.

"ఆ మెడలో నెక్లెస్ చూశావా? అది నాది."

ఇది వచ్చాక ఇంకేం అడగక్కర్లేదు. ఆ నెక్లెస్ ఎలా వెళ్ళింది, ఎందుకు తిరిగి రాలేదు అన్నది అదే వస్తుంది. ఒకే ముక్కను ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఇద్దరూ చెప్పేది చాలాసార్లు కలవదు. కలవకపోతే సంతోషించండి. ఎవరిది నిజమో తేల్చే పని మీది కాదు, రెండూ పక్కపక్కన పెట్టండి.

5. ఎవరిని అడగాలి

చట్టం సంగతి ముందు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అంటే పెళ్ళి వీడియో స్టూడియో వాళ్ళది కాదు, ఆ రోజు డబ్బిచ్చిన తాతగారిది, ఆయన తర్వాత వారసులది. బాబాయి సొంత కెమెరాతో ఊరికే తీసింది బాబాయిది. ఆయన నవ్వుతూ "దానికి కాగితమెందుకురా" అన్నా సరే, ఒక పేజీ రాయించి సంతకం పెట్టించుకోండి. ఫెస్టివల్‌కు పంపేటప్పుడు ఆ కాగితం అడుగుతారు.

చట్టం అక్కడితో ఆగుతుంది కానీ మన పని ఆగదు. ఓణీల ఫంక్షన్ వీడియో ఉందనుకోండి. పదకొండేళ్ళ పిల్లను పట్టుచీరలో కుర్చీలో కూర్చోబెట్టి ఊరంతా వచ్చి అక్షింతలు వేస్తుంటే, ఆ పిల్ల ఎటు చూడాలో తెలియక కిందికి చూస్తోంది. వీడియో తీయించింది వాళ్ళ నాన్న. అడగాల్సింది మాత్రం ఇప్పుడు నలభై ఏళ్ళున్న ఆవిడను. ఆవిడ వద్దంటే అది మీ సినిమాలో లేదు. పిల్లల స్నానాల షాట్లు ఎవరు ఒప్పుకున్నా వాడకండి. విడాకులయినవాళ్ళ పెళ్ళి అయితే ఇద్దరినీ అడగండి. చనిపోయినవాళ్ళ విషయంలో వాళ్ళకు అందరికంటే దగ్గరగా ఉన్న మనిషికి ఆ ముక్క చూపించి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి.

6. కోయడం

టైమ్‌లైన్ 25 ఫ్రేములకు పెట్టుకోండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ దీనికి సరిపోతుంది. బొమ్మను పాత టీవీ ఆకారమైన 4:3లోనే ఉంచండి, పక్కల నలుపు ఉంటే ఉండనివ్వండి. తెర నిండాలని పెద్దది చేస్తే నిలబడ్డవాళ్ళ తలలు, కింద కూర్చున్న పిల్లలు ఎగిరిపోతారు.

ఏఐతో బొమ్మను పదును చేసే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దంటాను. టేపులో లేని వివరాన్ని అవి ఊహించి పూడుస్తాయి. తాతయ్య బుగ్గల మీది అమ్మవారి మచ్చలు నున్నగా అయిపోయి, ఇంకెవరో పెద్దమనిషి మీ ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. టేపు మీది గీతలు, రంగు కారడం, ట్రాకింగ్ చారలు అలాగే ఉంచండి. కొత్తగా తీసిన వీడియోకు పాత చారలు తగిలించే ఫిల్టర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది పెట్టాక నిజమైన చారలనూ ఎవరూ నమ్మరు. కెనడా దర్శకురాలు సారా పోలీ తన తల్లి గురించి 2012లో తీసిన సినిమాలో కొన్ని హోమ్ మూవీలను నటులతో సూపర్ 8 మీద కొత్తగా తీసింది. కానీ ఆ సినిమాయే జ్ఞాపకాలు ఎంతవరకు నమ్మాలన్నదాని గురించి, పైగా ఆ సంగతిని చివరికి ప్రేక్షకుడికి తెలియనిచ్చింది. మీకు అలాంటి కారణం లేకపోతే ఆ దారి వద్దు.

ముక్కలను పొడుగ్గా ఉంచండి. భోజనాల పంక్తి ముప్పై సెకన్లుంటే ముప్పై సెకన్లూ, మాట లేకుండా, ఒకసారి పూర్తిగా చూపించండి. అరగంట తర్వాత సాంబారు బకెట్టు మనిషెవరో ప్రేక్షకుడికి తెలిశాక, అదే ముక్క మళ్ళీ వేయండి. ఇప్పుడు అందరూ ఆయన్నే చూస్తారు, మీరు బాణం గుర్తు పెట్టక్కర్లేదు. నెమ్మది చేయడం, ఫ్రేము ఆపడం కూడా వాడొచ్చు కానీ పొదుపుగా. ఒక చూపు, ఒక చేయి వెనక్కి లాక్కోవడం లాంటి చోట మాత్రమే. అమెరికా దర్శకురాలు మిషెల్ సిట్రన్ తన తండ్రి తీసిన హోమ్ మూవీలను 1970లలో నెమ్మది చేసి, మళ్ళీమళ్ళీ చూపించి, తల్లీకూతుళ్ళ మధ్య ఏముందో వెతికింది. ప్రతి షాటునూ నెమ్మది చేస్తే మాత్రం అది సంవత్సరీకం వీడియో అయిపోతుంది.

7. మీ గొంతు

కనబడుతున్నదాన్ని చెప్పకండి. "ఇది మా అమ్మానాన్నల పెళ్ళి, అమ్మ మధుపర్కాల్లో ఉంది" అన్నది వృథా. అదే షాట్ మీద "నాన్న వేలికున్న ఉంగరం పెళ్ళయిన మూడో నెలలో తాకట్టుకు వెళ్ళింది" అంటే ప్రేక్షకుడి చూపు ఆ వేలి మీదికి పోతుంది. బొమ్మకు తెలియనిది మాట చెప్పాలి, మాటకు తెలియనిది బొమ్మ చూపించాలి.

రాసింది పత్రిక భాషలా ఉంటే చించేయండి. మీ అక్కకు ఫోన్‌లో చెప్పినట్టు చెప్పి, దాన్ని రికార్డు చేసి, అందులోంచి రాసుకోండి. మీది కరీంనగరైతే కరీంనగర్, కాకినాడైతే కాకినాడ. క్యాసెట్టులో మీవాళ్ళంతా ఒక యాసలో మాట్లాడుతుంటే మీ వ్యాఖ్యానం ఇంకో యాసలో వినబడితే, ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంటారు.

8. పాటల గొడవ

మిక్సింగ్ కాపీలో అసలు శబ్దం తీసేసి మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు వేసి ఉంటారు. పెళ్ళి ఊరేగింపులో పాట పెట్టుకోవడానికి చట్టం మినహాయింపు ఇస్తుంది. ఆ పాటను మీ సినిమాలో వాడటానికి ఆ మినహాయింపు పనికిరాదు. ఆడియో కంపెనీని, పాటల హక్కులున్నవాళ్ళను అడిగి, డబ్బు కట్టాలి. చిన్న సినిమాకు అది తట్టుకోలేని ఖర్చు.

దీనికి నాకు నచ్చిన మార్గం, ఆ చోట్ల శబ్దం పూర్తిగా తీసేయడం. మాట్లాడే పెదవులు, మోగని నాదస్వరం. లేదా నాలుగో మెట్టులో రికార్డు చేసిన అమ్మమ్మ మాట దాని మీద వేయండి. మేళం కావాలంటే మీ ఊరి నాదస్వరం విద్వాంసుడి చేత ఒక త్యాగరాజ కృతి వాయించి రికార్డు చేసుకోండి. త్యాగరాజస్వామి 1847లో పోయారు, ఆ రచనలకు కాపీరైట్ లేదు. వాయించినాయనకు డబ్బిచ్చి, సంతకం తీసుకోండి.

9. మొదటి షో ఇంట్లోనే

సౌండ్ మిక్సింగ్, కలర్ కరెక్షన్‌కు డబ్బు పెట్టకముందే మొదటి చిత్తు కూర్పయిన రఫ్ కట్‌ను ఇంట్లోవాళ్ళకు చూపించండి. అందరినీ ఒకేసారి వద్దు. ఎక్కువగా కనబడేవాళ్ళకు ముందు, ఒక్కొక్కరికీ విడిగా. నలుగురిలో ఉన్నప్పుడు "బాగుంది" అనేసి రాత్రి ఫోన్ చేసి ఏడ్చేవాళ్ళుంటారు. వాళ్ళ మొహాలు చూడండి, ఎక్కడ ఫోన్ తీస్తున్నారో రాసుకోండి. అభ్యంతరం ఒక షాట్ మీదైతే ఆ షాట్ తీసేసి చూడండి, సినిమా నిలబడితే వదిలేయండి. ఒక విషయం మొత్తం మీదైతే, వాళ్ళ అభ్యంతరాన్నే కెమెరా ముందు చెప్పమని అడగండి. కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వాళ్ళు లేకుండా ఆ భాగం కోసి, మళ్ళీ వాళ్ళకే చూపించండి. అందరి సంతకాలూ అందాక స్టూడియో బుక్ చేసుకోండి. టైటిల్స్‌లో ఆ వీడియోగ్రాఫర్ పేరు, అప్పట్లో లైటు పట్టుకున్న కుర్రాడి పేరు తెలిస్తే అది కూడా వేయండి.